అమ్మాయి సైకిలుకి ఫ్రేము: తేలిక అంటే ఎంత తేలిక?



గత నెల సంఘం సమావేశం అయ్యాక నలుగురు నన్ను ఆపి ఒకటే ప్రశ్న వేశారు. "మీ అమ్మాయి తొక్కే ఆ బోడి సైకిలు ఏమిటండీ? గేర్లు లేవు, మడ్గార్డు లేదు, స్టాండు కూడా లేదు. దానికి ముప్పై వేల పైన అయిందటగా?" అని. అడిగినవాళ్లలో ఇద్దరికి ప్లస్ టూ చదివే మగపిల్లలున్నారు. వాళ్లు కూడా అలాంటిదే కావాలని ఇంట్లో పోరు పెడుతున్నారట. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. పోస్టు పొడుగే. పిల్లలున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సైకిలు కట్టి చూడు అని మూడోది కూడా చేర్చొచ్చని ఈ మూడు నెలల్లో నాకు అర్థమైంది.

ముందు అసలు సంగతి. మన మామూలు సైకిల్లో వెనక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపినా చక్రం టిక్ టిక్ మంటూ తిరుగుతూనే ఉంటుంది, కాళ్లకి విశ్రాంతి. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్లో ఆ ఫ్రీవీలు ఉండదు. పళ్ల చక్రాన్ని హబ్బుకే మరలతో బిగించి, అది ఊడిపోకుండా పైన ఎడమ మరల లాక్‌రింగు వేస్తారు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. కాళ్లతో ఎదురు ఒత్తితే వేగం తగ్గుతుంది. వెలోడ్రోముల్లో పందెం సైకిళ్లన్నీ ఇవే. మన ఊరి శివార్లలో మేలకోటైయూరులో ఒక వెలోడ్రోమ్ ఉంది. అక్కడ తన స్నేహితురాలు తొక్కుతుంటే చూసి వచ్చింది మా అమ్మాయి. ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే మాట.

ఫిక్సీ పిల్లలు నిన్నగాక మొన్న కనిపెట్టిన ఫ్యాషన్ కాదు. తొలినాటి సైకిళ్లకు ఫ్రీవీలు ఉండేది కాదు. ఫ్రాన్సు చుట్టూ తిరిగే టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గేర్లు మార్చే డెరైలర్‌ని అనుమతించింది 1937లో. జపాన్‌లో కీరిన్ అనే పందెం 1948లో కొకురా పట్టణంలో మొదలైంది. అదంతా ఫిక్స్‌డ్ గేరే. అక్కడి పురుషుల పందేల్లో ఈనాటికీ ఆమోదముద్ర పడిన ఉక్కు ఫ్రేములే వాడతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

తేలిక ఎందుకు?

మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. 54 మెట్లు. కింద పెట్టిన సైకిళ్లు రెండు పోయాయి కాబట్టి ఏ సైకిలైనా పైకి మోయాల్సిందే. అమ్మాయి బరువు 52 కిలోలు. మా నాన్నగారి పాత సైకిలు కొక్కెం త్రాసుకి తగిలిస్తే 21 కిలోలు తూగింది. కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చిన పిల్ల రోజూ దాన్ని భుజాన వేసుకుని 54 మెట్లు ఎక్కలేదు. రెండు వారాలు మోసి, తర్వాత బస్సులోనే వెళ్తుంది. అంటే మాకు తేలిక అనేది షోకు కాదు. సైకిలు వాడకంలో ఉంటుందా, గోడకి ఆనుకుని దుమ్ము పడుతుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

కానీ ఒక లెక్క చెప్పాలి. మన మద్రాసు చదునైన ఊరు. మురసొలి మారన్ ఫ్లైఓవరు తప్ప పెరంబూరులో ఎక్కుడు అనేది ఎక్కడుంది? చదును నేల మీద ఒక వేగం అందుకున్నాక సైకిలుని వెనక్కి లాగేది ప్రధానంగా గాలి, బరువు కాదు. బరువు తెలిసేది మూడు చోట్ల: సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు, ఎక్కుడు ఎక్కేటప్పుడు, మెట్ల మీద మోసేటప్పుడు. 52 కిలోల పిల్ల, 9 కిలోల సైకిలు, మొత్తం 61. అందులో 800 గ్రాములు తగ్గిస్తే తగ్గేది నూటికి 1.3 వంతు. ముప్పావు లీటరు నీళ్ల సీసా బరువు. 21 నుంచి 9కి దిగడం పెద్ద విషయం. 9 నుంచి 8.2కి దిగడం దుకాణదారుడికి పెద్ద విషయం. ఈ తేడా పిల్లలకి ముందే కాగితం మీద చూపించండి.

తాతయ్య సైకిలు

సైకిలు మాట వినగానే మా నాన్నగారు, "కొనడం దేనికి? నాది ఉందిగా, దాన్నే విప్పి కట్టండి" అన్నారు. ఆయన గూడూరు నుంచి వచ్చి 1966లో క్యారేజ్ వర్క్స్‌లో వెల్డరుగా చేరారు. రెండేళ్లకి మొదటి బోనసు డబ్బుతో ఆ సైకిలు కొన్నారు. అంబత్తూరులో తయారైన సైకిలు. ముప్పై ఏళ్లు షెడ్డుకి దాని మీదే వెళ్లారు. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపింది కూడా దాని మీదే.

ఇక్కడ మన లైనులో రోజూ లోకల్ రైలెక్కే చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. పెరంబూరు, క్యారేజ్ వర్క్స్, లోకో వర్క్స్, విల్లివాక్కం, కొరట్టూరు, పట్టరవాక్కం దాటితే అంబత్తూరు. అక్కడ టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది. మురుగప్ప కుటుంబం, ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి పెట్టిన కంపెనీ. హెర్క్యులెస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో మన వీధుల్లో తిరిగినవి వాళ్లవే. ఇంకొంచెం ముందుకెళితే ఆవడిలో 1955లో ట్యూబ్ ప్రొడక్ట్స్ వచ్చింది, గొట్టాల తయారీకి. ఇక అసలు ముక్క: ఆ ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్సే 1928లో బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కంపెనీని కొన్నది. గొట్టం చివర్లు మందంగా, నడుమ పల్చగా చేసే పద్ధతికి 1897లో పేటెంటు తీసుకున్నది ఆ రేనాల్డ్స్‌వాళ్లే. 1935లో 531 అనే గొట్టం తెచ్చి దశాబ్దాలపాటు పందెం సైకిళ్లను ఏలినవాళ్లూ వాళ్లే. అంటే ప్రపంచంలోకెల్లా తేలికైన ఉక్కు ఫ్రేముల గొట్టానికీ, మా నాన్న మోత సైకిలుకీ ఒకప్పుడు యజమాని ఒక్కరే. ఒకటి గెలవడానికి చేశారు, ఇంకొకటి బియ్యం బస్తా మోయడానికి చేశారు.

నాన్న మాటలో న్యాయం లేకపోలేదు. ఫిక్స్‌డ్ గేరుకి గొలుసు బిగువు సరిచేయడానికి చక్రం ముందుకీ వెనక్కీ జరిగే చీలిక కావాలి. గేర్ల సైకిలు ఫ్రేముల్లో చాలావాటికి అది ఉండదు, నిలువు చీలిక ఉంటుంది. పాత రోడ్‌స్టర్లకి వెనక వైపు తెరిచిన అడ్డ చీలిక ఉంటుంది, చైను లాగే నట్లు కూడా ఉంటాయి. పైగా అతుకులన్నీ లగ్గులు పెట్టి ఇత్తడితో మాటు వేసినవి, యాభై ఏళ్లైనా కదలలేదు.

కానీ కొలతలు ఒప్పుకోలేదు. ఫ్రేము 22 అంగుళాలది. అమ్మాయి ఎత్తు 160 సెంటీమీటర్లు. నిలబడితే పైకడ్డీ తగులుతుంది. వెనక హబ్బు పట్టే చోటు మాదాన్లో 112 మిల్లీమీటర్లు, ట్రాక్ హబ్బుకి 120 కావాలి. దాని చక్రం రిమ్ము కొలత 635, ఇప్పటి తేలిక టైర్లకి 622. అంటే బ్రేకు కట్టెలు రిమ్ముని అందుకోవు. వీటన్నిటికీ తోడు, విప్పి తూస్తే ఫ్రేము ఒక్కటే 3.6 కిలోలు.

అమ్మాయి ఆయన పక్కన కూర్చుని, "తాతయ్యా, ఇది నీ కొలతకి కుట్టిన చొక్కా. నేను తొడుక్కుంటే వేలాడుతుంది. కత్తిరించడం నాకిష్టం లేదు" అంది. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు పొద్దున, "సరే, కొనేది ఏదైనా నేను చూడకుండా కొనొద్దు" అన్నారు. ఆ షరతు మాకెంత మేలు చేసిందో ముందు చెబుతాను.

ఏ లోహం?

రైల్వే కుటుంబాలవాళ్లకి ఇది చెప్పడం సులువు. మన ఐసీఎఫ్ 1955 అక్టోబరు 2న మొదలైంది కదా, ఆ 'ఇంటిగ్రల్' అన్న మాటకి అర్థం ఏమిటి? పాతకాలం బోగీల్లో బరువంతా అడుగు చట్రం మోసేది, పైన పెట్టె ఊరికే కూర్చునేది. ఇంటిగ్రల్ బోగీలో అడుగు, పక్కగోడలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేసి ఒకే గొట్టంలా చేస్తారు. బరువు అందరూ పంచుకుంటారు. అందుకే పల్చటి రేకుతో తేలికైన, గట్టి బోగీ వస్తుంది. సైకిలు ఫ్రేముదీ అదే కిటుకు. గోడ పల్చగా, గొట్టం లావుగా. గోడ మందం మార్చకుండా గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది.

ఇక అల్యూమినియం. ఉక్కు సాంద్రత 7.85, అల్యూమినియానిది 2.7. అంటే మూడో వంతు బరువు. కానీ బిగువులో కూడా అది ఉక్కులో దాదాపు మూడో వంతే. ఒకే కొలత గొట్టం చేస్తే తేలిగ్గా ఉంటుంది కానీ మెత్తగా ఊగుతుంది. అందుకే అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు అంత లావుగా ఉంటాయి. లావుతోనే బిగువు తెచ్చుకుంటుంది. మంచి అల్యూమినియం ఫ్రేము కిలోన్నర చుట్టూ తూగుతుంది.

క్రోమోలీ అన్న మాట దుకాణాల్లో మంత్రంలా వినిపిస్తుంది. అది ఉక్కే. 4130 అనే రకంలో క్రోమియం ఒక శాతం దాకా, మాలిబ్డినం 0.2 శాతం దాకా, కార్బన్ 0.30 శాతం దాకా ఉంటాయి. ఆ 30 అనే అంకె కార్బన్‌కి గుర్తు. దాని సాంద్రత మామూలు ఉక్కుదే, బిగువూ అదే. మరి తేలిక ఎక్కడిది? బలం ఎక్కువ కనుక గోడ పల్చగా చేయొచ్చు. చివర్ల 0.9 మిల్లీమీటరు, నడుమ 0.6 అలా. మామూలు ఉక్కుతో అంత పల్చగా చేస్తే నిలవదు.

వెల్డరు కాబట్టి నాన్న ఇంకో మాట కలిపారు. "అల్యూమినియాన్ని కాల్చి అతికిస్తే అతుకు పక్కన లోహం మెత్తబడుతుందిరా. మళ్లీ కొలిమిలో పెట్టి పదును తేవాలి. ఫ్యాక్టరీలో అది చేస్తారు. రేపు ఇది పగిలితే పెరంబూరులో ఆ పని ఎవడు చేస్తాడు?" నిజమే. పైగా ఉక్కుకి అలసటలో ఒక హద్దు ఉంది. ఆ హద్దులోపు ఒత్తిడి ఎన్ని లక్షల సార్లు పడినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి కుదుపూ కొద్దిగా లెక్కలో పడుతూనే ఉంటుంది. అందుకే దానికి ముందు జాగ్రత్తగా ఎక్కువ లోహం వేసి చేస్తారు. బాగా చేసిన అల్యూమినియం ఫ్రేము ఏళ్ల తరబడి నడుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఫిక్స్‌డ్ గేరులో కాళ్లు ముందుకీ తోస్తాయి, వెనక్కీ తోస్తాయి. మన రోడ్ల మీద గుంతలు, స్పీడు బ్రేకర్లు సరేసరి. పగిలే ముందు వంగి హెచ్చరించేది, పగిలినా మన పేటలోనే అతికించగలిగేది ఉక్కు.

కార్బన్ ఫ్రేము కిలో దాకా దిగుతుంది. 54 మెట్ల మీద రోజూ గోడకి కొట్టుకునే సైకిలుకి అది తగదని పక్కన పెట్టాం.

ఎర్ర ఫ్రేము

మొదట దొరికింది ఊరికి అవతలి వైపు ఒకాయన అమ్ముతున్న ఎర్ర ఫ్రేము. "4130 క్రోమోలీ, 1.9 కిలోలు, 9,000" అని ప్రకటన. అమ్మాయికి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముగ్గురం వెళ్లాం. 82 ఏళ్ల మనిషి, జేబులో వెర్నియరు, బట్టల దారపుండ, నా చేతిలో కొక్కెం త్రాసు.

తూస్తే 2.8 కిలోలు. "మీ త్రాసు తప్పేమో సార్" అన్నాడాయన. నాన్న ఏమీ అనకుండా సీటు కడ్డీ బయటికి లాగి కొలిచారు. 25.4 మిల్లీమీటర్లు. ఈ చిట్కా అందరూ రాసిపెట్టుకోండి. మామూలు ఉక్కు ఫ్రేముల్లో సీటు గొట్టం బయటి వ్యాసం 28.6. లోపల 27.2 కడ్డీ పడితే గోడ 0.7 మిల్లీమీటరు లోపు, అంటే మంచి పల్చటి గొట్టం. 25.4 కడ్డీ పడితే గోడ 1.6. అది సాదా గొట్టం. స్టిక్కరు మీద ఏం రాసినా కడ్డీ అబద్ధం చెప్పదు. పైన పటారం, లోన లొటారం.

అక్కడితో ఆగలేదు ఆయన. తల గొట్టం వెనక, కింది గొట్టం అడుగున వేలితో నెమ్మదిగా రాశారు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. రంగు కింద చిన్న అల లాంటి ఉబ్బు. కళ్లకి కనబడదు. సైకిలు ఎదురుగా దేనికో గుద్దుకుంటే లోహం నలిగేది సరిగ్గా అక్కడే. "పెయింటు సరిగ్గా పడలేదు సార్, అంతే" అన్నాడు అమ్మేవాడు. నాన్న దారాన్ని వెనక ఒక చీలిక నుంచి తల గొట్టం చుట్టూ తిప్పి రెండో చీలికకి కట్టారు. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత ఎడంలో ఉందో కొలిచారు. రెండు వైపులా సమానంగా ఉండాలి. నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఫ్రేము వంకర.

"వద్దమ్మా" అన్నారు, అంతే. అమ్మాయి తిరుగు రైల్లో ఒక్క మాట మాట్లాడలేదు. వారం రోజులు మా ఇద్దరితోనూ ముభావమే. పంతొమ్మిదేళ్ల పిల్లకి నచ్చిన వస్తువు వద్దనడం సులువు కాదు. కానీ ఆ నలిగిన చోట ఫ్రేము విరిగితే హ్యాండిలు ఒకవైపు, పిల్ల ఒకవైపు. రోడ్డు మీద వెనక వచ్చేది 29సీ బస్సో, నీళ్ల లారీయో అవుతుంది.

ఫోర్కులో బెజ్జం

తర్వాత రెండు మిగిలాయి. ఒకటి, దుకాణంలో కొత్త అల్యూమినియం ఫ్రేము 1.6 కిలోలు, కార్బన్ ఫోర్కు 650 గ్రాములు, రెండూ కలిపి 19,500. రెండోది, అన్నానగర్‌లో ఉద్యోగం మారి ఊరు విడుస్తున్న ఒకాయన దగ్గర 50 సెంటీమీటర్ల క్రోమోలీ ఫ్రేము, 2.1 కిలోలు, ఉక్కు ఫోర్కు 950 గ్రాములు, 14,000. సీటు కడ్డీ 27.2. దారం రెండు వైపులా సమానం. తేడా సరిగ్గా ఆ 800 గ్రాములే.

అమ్మాయి కొత్తదే అంది. నేనూ దాదాపు సరే అనేవాణ్ని. అప్పుడు ఫోర్కు చూశాను. అది అచ్చంగా ట్రాక్ కోసం చేసినది. పైన బ్రేకు బిగించడానికి బెజ్జం లేదు. కార్బన్ ఫోర్కుకి మనం బెజ్జం వేయకూడదు. "బ్రేకు ఎందుకు నాన్నా? వెలోడ్రోములో ఎవరికీ ఉండదు, కాళ్లతో ఆపుతారు" అంది. వెలోడ్రోములో బ్రేకు లేకపోవడమే భద్రత. అందరూ ఒకే వైపు తిరుగుతారు, ఎవరైనా సడన్‌గా ఆపితే వెనకవాళ్లు మీద పడతారు. కానీ పేపర్ మిల్స్ రోడ్డులో ఆవు అడ్డం వస్తుంది, ఆటో అడ్డం తిరుగుతుంది, బడి పిల్లాడు బంతి వెనక పరుగెత్తుతాడు.

నాన్న అప్పటిదాకా పేపరు చదువుతున్నారు. తల ఎత్తకుండానే అడిగారు. "రైల్లో బోగీకీ బోగీకీ మధ్య బ్రేకు గొట్టం ఊడితే ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుంది?"

"గాలి పోతుంది. గాలి పోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. రైలు ఆగుతుంది. అలా చేసి పెట్టారు. నీ సైకిలుకి గొలుసు ఊడితే ఏం పడుతుంది?"

ఆమె మాట్లాడలేదు. ఆయనే చెప్పారు: "నువ్వు పడతావు."

ఇలాంటి మాటతో పిల్లలు ఒప్పుకుంటారని నేననుకోను. ఒప్పుకోలేదు కూడా. "చెప్పడం కాదు, చూద్దాం" అంది. ఆ ఆదివారం పొద్దున్నే ఐసీఎఫ్ కాలనీలో ఖాళీ రోడ్డు మీద సుద్దతో గీత గీశాం. ముందు బ్రేకు ఉన్న ఒక ఫిక్సీని స్నేహితురాలు తెచ్చింది. ఒకే వేగంతో వచ్చి, గీత దగ్గర మూడుసార్లు కాళ్లతో మాత్రమే ఆపింది, మూడుసార్లు ముందు బ్రేకు కూడా పట్టింది. కాళ్లతో ఆగడానికి సగటున 11 అడుగులేసింది నా లెక్కలో. బ్రేకుతో 5. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సైకిలు ఆగేటప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది, వెనక చక్రం తేలిపోతుంది. తేలిన చక్రం జారుతుంది తప్ప ఆపదు. ఇంగ్లండు చట్టం కూడా ఫిక్స్‌డ్ వెనక చక్రాన్ని ఒక బ్రేకుగా ఒప్పుకుంటుంది కానీ, ముందు బ్రేకు ఉండి తీరాలంటుంది.

అమ్మాయి ఆ సుద్ద గీతల మధ్య ఎడాన్ని కాసేపు చూసింది. "బెజ్జం ఉన్నదే తీసుకుందాం" అంది.

మీరు చూడాల్సిన మిగతా కొలతలు

ఒకటి, పెడల్ ఎత్తు. మూల తిరిగేటప్పుడు కూడా పెడల్ తిరుగుతూనే ఉంటుంది కనుక నేలకి తగిలే ప్రమాదం ఉంది. మామూలు రోడ్డు ఫ్రేముల్లో క్రాంకు ఇరుసు చక్రం ఇరుసు కంటే 70 మిల్లీమీటర్ల చుట్టూ కిందికి ఉంటుంది. ట్రాక్ ఫ్రేముల్లో 50 నుంచి 60. క్రాంకు పొడుగు 165 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

రెండు, చిన్న ఫ్రేముల్లో మలుపు తిప్పితే బూటు కొన ముందు చక్రానికి తగులుతుంది. కొనే ముందు చక్రం పెట్టి, పెడల్ ముందుకి పెట్టి, హ్యాండిలు తిప్పి చూడండి.

మూడు, క్రాంకు గూడు మరలు. 68 మిల్లీమీటర్ల వెడల్పు, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు ఉంటే సామాన్లకి ఇబ్బంది లేదు. లోకమంతా దాన్ని బీఎస్ఏ మర అనే పిలుస్తుంది. మన అంబత్తూరు సైకిలు మీద ఉన్న పేరే. గొలుసు వైపు మర ఎడమ మర. మెకానిక్‌కి ముందే చెప్పండి, లేకపోతే పానా వేసి బిగించేస్తాడు.

నాలుగు, గేరు. మేం ముందు 44 పళ్లు, వెనక 17 పెట్టాం. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకి 26 కిలోమీటర్లు వస్తుంది, మన రోడ్లకి ఎక్కువే. 44కి 16 పెడితే, జారించి ఆపినప్పుడల్లా టైరు నాలుగు చోట్లే అరుగుతుంది. 17 పెడితే 17 చోట్ల పంచుకుంటుంది. ఒక్క పన్ను తేడాతో టైరు ఆయుష్షు పెరుగుతుంది. గొలుసు వెడల్పుది తీసుకోండి, మామూలు రోడ్‌స్టరు గొలుసు. ఏ చిన్న సైకిలు షాపులోనైనా దొరుకుతుంది.

ఐదు, ఫ్రేములో తగ్గించలేని బరువుని చక్రంలో తగ్గించండి. రిమ్ములోనూ టైరులోనూ తగ్గిన 100 గ్రాములు సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఫ్రేములో తగ్గిన 200తో సమానం. అల్యూమినియం ఫ్రేముకి ఎక్కువ పోసేబదులు, ఆ మిగిలిన 5,500 మేం చక్రాల మీద పెట్టాం.

లెక్క అడిగారు కదా. ఫ్రేము, ఫోర్కు 14,000. చక్రాలు 7,500. క్రాంకు, గూడు 3,200. గొలుసు, పళ్ల చక్రం, లాక్‌రింగు 1,600. హ్యాండిలు, సీటు, కడ్డీలు 2,900. ముందు బ్రేకు 1,300. టైర్లు, ట్యూబులు 2,400. పెడళ్లు, పట్టీలు 900. మెకానిక్ కూలి 700. మొత్తం 34,500. బరువు 9.3 కిలోలు. మెట్లు ఎక్కేటప్పుడు అమ్మాయి ఇప్పుడు దాన్ని ఒక భుజాన వేసుకుని, రెండో చేత్తో ఫోను మాట్లాడుతూ వస్తోంది.

ఉక్కుకి ఒక శత్రువు ఉంది, మన సముద్రపు గాలి. పల్చటి గొట్టం లోపలి నుంచి తుప్పు పడితే బయటికి తెలియదు. వానలో తడిసిన రోజు సీటు కడ్డీ తీసి, సైకిలు తలకిందులు చేసి నీళ్లు దించండి. ఏడాదికోసారి, ఈశాన్య రుతుపవనాల ముందు, గొట్టాల్లోకి కాసిన అవిసె నూనె పోసి అటూ ఇటూ తిప్పి ఒలకబోయండి. లోపల పొరలా అంటుకుంటుంది. ఈ పని మా ఇంట్లో నాన్న చూసుకుంటున్నారు. తన పాత సైకిలుకీ అదే నూనె పడుతోంది.

చివరగా ఒక మాట. మన పేటలో పది పన్నెండు మంది తెలుగు పిల్లలు ఫిక్సీలు తొక్కుతున్నారు. అందులో సగానికి బ్రేకు లేదు, నేను కళ్లారా చూశాను. తిట్టి ప్రయోజనం లేదు. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున 7 గంటలకి సంఘం హాలు ముందు వెర్నియరు, త్రాసు, దారం, సుద్దముక్క పట్టుకుని నేనూ నాన్నగారూ ఉంటాం. పిల్లల్ని సైకిళ్లతో పంపండి. ఫ్రేములు చూస్తాం. గీత గీసి ఆపించి చూపిస్తాం. బెజ్జం ఉండి బ్రేకు లేని ఫోర్కు కనబడితే అక్కడికక్కడే బ్రేకు బిగించడానికి మెకానిక్ కూడా వస్తానన్నాడు. సామాను ఖర్చు మీది, కూలి నేను ఇస్తాను.

కొత్తగా కొనేవాళ్లు ఫ్రేము ఎంత తేలిక అన్నది తీరిగ్గా చూసుకోండి. ముందు ఫోర్కులో బెజ్జం ఉందో లేదో చూడండి.